రాని వక్తకు ఇచ్చిన ఇరవై నిమిషాలు

అంతర్జాతీయ సదస్సుల్లో ఒక నియమం ఉంది. వక్త రాకపోతే ఆ ఇరవై నిమిషాలూ ఖాళీగా వదిలేయాలి తప్ప తర్వాతి వాళ్లను ముందుకు జరపకూడదు. పక్క హాళ్లలో ఉన్నవాళ్లు కార్యక్రమం చూసుకుని, తమకు కావలసిన ప్రసంగం వేళకు పరుగెత్తుకుంటూ వస్తారు. వచ్చేసరికి అది అయిపోయి ఉంటే అధ్యక్షుల తల తినేస్తారు. రైల్లో రానివాడి సీటైనా ఎవరో ఒకరు ఆక్రమిస్తారు గానీ, సదస్సుకు రానివాడి సమయాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

అది లోహాల మీద పరిశోధన చేసేవాళ్ల సదస్సు. మూడో హాలుకు ఆ పూట అధ్యక్షురాలు యాభై దాటిన ఒక ప్రొఫెసరమ్మ. ఉక్కులో పగుళ్లు ఎలా పుడతాయో, ఎలా పాకుతాయో చెప్పడంలో ఆమెకు మంచి పేరుంది. అంతకంటే పెద్ద పేరు టైము దగ్గర ఆమె చూపించే కాఠిన్యానికి. ఆకుపచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం, ఆ తర్వాత గంట. ఎంతటి మహానుభావుడైనా ఎర్ర దీపం తర్వాత నోరు విప్పితే గంట మోగాల్సిందే. "ప్రశ్న కాదండీ, చిన్న వ్యాఖ్య" అంటూ లేచి ఉపన్యాసం దంచే పెద్దమనుషుల్ని ఆమె ఒక్క చూపుతో కూర్చోబెట్టేది. వెనక వరుసల్లో తనను 'గంటమ్మ' అంటారని ఆమెకు తెలుసు. తెలిసినా పట్టించుకోదు.

ఆ పూట మాత్రం గంటమ్మ గుండె ఆమె మాట వినడం లేదు. మూడో ప్రసంగం ఆమె అన్నయ్యది. ఆ అన్నాచెల్లెళ్ల మధ్య తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

అన్నయ్య ఆమె కంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆమెకు ఈ లోహాల పిచ్చి పట్టించింది ఆయనే. చిన్నప్పుడు విరిగిన గరిటె, తెగిన సైకిల్ గొలుసు, ఏది దొరికినా ఇంటికి పట్టుకొచ్చి, విరిగిన చోట భూతద్దం పెట్టి చెల్లెలికి చూపించేవాడు. "ఇది ఒక్కసారిగా విరగలేదు చూడు. చాన్నాళ్ల నుంచీ లోపల్లోపల చీలుతూ వచ్చింది" అనేవాడు. "మంచి వస్తువులేవీ మీ కంటికి ఆనవర్రా? ఎప్పుడూ విరిగినవేనా?" అని అమ్మ విసుక్కునేది. పెద్దయ్యాక ఇద్దరూ చెరో యూనివర్సిటీలో స్థిరపడ్డారు. ఏడాదికోసారి ఏదో ఒక సదస్సులో కలిసేవాళ్లు. పండక్కి కలుసుకునే తోబుట్టువులుంటారు, పెళ్లిళ్లలో కలుసుకునేవాళ్లుంటారు. వీళ్లు మాత్రం మెడలో పేరు రాసిన అట్టముక్కలు వేలాడేసుకుని, కాఫీ వరసలో కలుసుకునేవాళ్లు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె ఒక కొత్త విషయం కనిపెట్టింది, లేదా కనిపెట్టాననుకుంది. ఒకరకం ఉక్కును ఒక పద్ధతిలో వేడిచేస్తే, దానిలోపల కంటికి కాదు కదా, మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్న రాగి రేణువులు పుడతాయనీ, అవి పగుళ్లకు అడ్డం పడతాయనీ. వంతెనలకూ గొట్టాలకూ పనికొచ్చే సంగతి. నాలుగేళ్లు రాత్రనక పగలనక కష్టపడింది. ఆ సదస్సులో చెప్పబోయే రోజు పొద్దున, హోటల్లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూంటే, ల్యాప్‌టాప్ అటు తిప్పి అన్నయ్యకు అసలు బొమ్మ చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"బొమ్మ బాగుందే" అన్నాడు. ఆమె కప్పులో ఇంకాస్త కాఫీ పోశాడు.

రెండు గంటల తర్వాత, మూడు వందల మంది కూర్చున్న హాల్లో, ప్రశ్నల వేళ ముందుగా లేచిన చెయ్యి ఆయనదే. "మీరు వాడిన జల్లెడ దేనితో చేసింది?" అని అడిగాడు.

ఆ పని తెలియనివాళ్లకు ఈ ప్రశ్నలో విషం ఎక్కడుందో తెలియదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలంటే ఉక్కును ఉల్లిపొర కంటే పల్చగా చేసి, మిరియపు గింజంత గుండ్రటి జల్లెడ మీద పెడతారు. ఆ జల్లెళ్లు మామూలుగా రాగివే. కిరణం కాస్త పక్కకు చెదిరి జల్లెడకు తగిలినా సరే, మిషను "ఇక్కడ రాగి ఉంది" అని చెబుతుంది. రాగి చెంబులో నీళ్లు పోసి, నీళ్లలో రాగి ఉందని సంబరపడినట్టన్నమాట. అందుకే రాగి కోసం వెతికేవాళ్లు వేరే లోహపు జల్లెడ వాడాలి. ఆమె వాడింది కూడా. కానీ అన్ని నమూనాలకూ వాడలేదు. మొదట్లో చేసినవి అలవాటు కొద్దీ రాగి జల్లెడ మీద చేసింది. అన్నిటికంటే అందంగా వచ్చిన ఆ బొమ్మ, తెర మీద ఇంత పెద్దగా వేసిన ఆ బొమ్మ, మొదట్లో చేసినవాటిలోది.

"రాగి" అంది ఆమె. అబద్ధం చెప్పడం రాదు.

హాలంతా నవ్వింది. పగబట్టి నవ్వారని కాదు, అలాంటి చోట అలా నవ్వుతారంతే. మిగతా బొమ్మలు నికెల్ జల్లెడవని ఆమె చెప్పబోయింది గానీ అప్పటికే గంట మోగింది. ఆ తర్వాత ఆ పనికి ఎవరూ నిధులివ్వలేదు. కుర్రకారు వాళ్లలో వాళ్లు ఆమెను 'రాగి చెంబు' అనుకున్నారని ఎవరో చెవిన వేశారు. ఆమె రాగిని వదిలేసి అతుకుల్లో పగుళ్ల మీద పడింది, పేరూ తెచ్చుకుంది. కడుపులో మంట మాత్రం ఆరలేదు.

ఆ రోజే హాలు బయట అన్నయ్య వెనకాలే వచ్చాడు. "అక్కడ కూర్చున్నాకే తట్టిందే. నీ మీదొట్టు. పొద్దున తట్టలేదు" అన్నాడు.

"తట్టినవాడివి బయటికొచ్చాక అడగొచ్చుగా?"

"సభలో అన్నా చెల్లెలూ ఏమిటి? రుజువుందా లేదా, అంతే కదా."

"అయితే సభలోనే ఉండు" అని వెళ్లిపోయింది. అదే ఆఖరి మాట. ఆయన ఫోన్లు చేశాడు, ఎత్తలేదు. పుట్టినరోజుకు రెండేళ్లు సందేశాలు పంపాడు, బదులివ్వలేదు. ఒక పెళ్లిలో ఎదురుపడితే ఆమె చెప్పులేసుకుని వచ్చేసింది. మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే గానీ, నిజం చెప్పుకోవాలంటే తలుపు మూసింది చెల్లెలే.

ఈ ఏడు సదస్సుకు వచ్చిన సారాంశాలు వడపోస్తూంటే, వాటిలో అన్నయ్యది కనబడింది. 'ఉక్కులో రాగి రేణువులు: ఒక పాత పరిశీలనకు పునఃపరీక్ష.' ఆ పాత పరిశీలన ఎవరిదో రాయనక్కర్లేదు. ఆమె గబగబా చదివింది. ఎలా వేడిచేశాడో రాశాడు, ఎలా పల్చన చేశాడో రాశాడు. ఇంతకీ రాగి ఉందా లేదా అన్న చోటికి వచ్చేసరికి, 'ఫలితాలను సభలో వివరిస్తాం' అని ముగించాడు. లోకంలో ఉన్న సారాంశాల్లో సగం అలాగే ముగుస్తాయి. సారాంశం పంపే నాటికి సగం మందికి ఫలితాలే ఉండవు.

రిటైరయ్యాక ఊరకే కూర్చోలేక తన పాత పుండు గెలకడానికే పూనుకున్నాడని ఒక మనసు చెప్పింది. కాదు, నికెల్ జల్లెడ మీద పెట్టి చూసి ఉంటాడు, రాగి కనబడి ఉంటుంది, అది నలుగురిలో చెప్పడానికే వస్తున్నాడని ఇంకో మనసు. మొదటి మనసుతో ఆమె ఒక ప్రశ్న తయారుచేసి పెట్టుకుంది: "మీరు వాడిన జల్లెడ దేనితో చేసింది?" అద్దం ముందు నిలబడి, గొంతులో వణుకు లేకుండా వచ్చేదాకా అని చూసుకుంది. రెండో మనసుతో ఏ తయారీ చేసుకోవాలో తెలియక, ఆ సారాంశాన్ని తీసుకెళ్లి తన హాలులోనే వేసుకుంది. అధ్యక్షురాలన్నాక వక్తను పేరుపెట్టి పిలవాలి, నాలుగు మంచి మాటలు చెప్పి పరిచయం చేయాలి. తొమ్మిదేళ్లుగా పడని మాట నియమం ప్రకారమైనా పడుతుందిలే అనుకుంది.

రెండో ప్రసంగం ముగిసింది. చప్పట్లు కొట్టారు. అన్నయ్య పేరు తెర మీద పడింది. ముందు వరసలో ఎవరూ లేవలేదు. ఆమె తలుపు వైపు చూసింది. కాఫీ కప్పుతో ఎవరో లోపలికొచ్చి, హాలు తప్పానని నాలిక కరుచుకుని వెళ్లిపోయారు.

"రాలేదు లెండి" అన్నాడు పక్కన కూర్చున్న సహాధ్యక్షుడు. బట్టతల, చేతిలో ఎప్పుడూ గొడుగు, హాలు లోపల కూడా. "తర్వాతి వాళ్లను పిలిచేద్దాం. భోజనానికి ముందుగా పోవచ్చు."

"నియమం తెలుసుగా. వేచి చూడాలి."

"నియమం మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందమ్మా" అని నవ్వి, ఆయన గొడుగు తీసుకుని కాఫీకి వెళ్లాడు. వక్త రాలేదనీ, తర్వాతి ప్రసంగం అనుకున్న వేళకే మొదలవుతుందనీ ఆమె మైకులో చెప్పింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఉచితంగా ఇచ్చిన గుడ్డసంచులు భుజాలకెక్కాయి. ఉన్న నలభై మందీ నీళ్లు పల్లానికి పోయినట్టు కాఫీ వైపు పోయారు. హాల్లో ఆమె మిగిలింది, తెర మీద అన్నయ్య పేరు మిగిలింది.

ముందు ఆమెకు ఒళ్లు మండిపోయింది. పేరిచ్చి రాకపోవడమా? అప్పుడు వచ్చి పరువు తీశాడు, ఇప్పుడు రాకుండా తీస్తున్నాడు. కార్యక్రమంలో అధ్యక్షురాలిగా తన పేరు చూసి మనసు మార్చుకున్నాడు కాబోలు. నాలుగు దులిపేద్దామని ఫోన్ తీసింది. ఆ నంబరు చెరపలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

అవతల ఎత్తింది వదిన.

"నువ్వామ్మా..." అంది వదిన. వెనక ఎక్కడో చక్రాల మంచం దొర్లుతున్న చప్పుడు వినబడింది.

"ఏమైంది వదినా?"

"మీ అన్నయ్యకి పక్షవాతమమ్మా. రెండు వారాలైంది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాటా పడిపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు చేశానమ్మా. నువ్వు ఎత్తలేదు."

నిజమే. వదిన పేరు వెలగడం ఆమె చూసింది. రాయబారానికి పెళ్లాన్ని పంపాడనుకుని, ఫోన్ బోర్లించి పెట్టింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరితో చెప్పుకుని ఏడవాలి?

"అక్కడికి రావాలని ఎంత గోల చేశాడో" అంది వదిన. "ఆర్నెల్లు ఎవరిదో ల్యాబుకి పోయి, పిల్లలతో పాటు వరసలో నిలబడి, ఆ మిషను దగ్గర కూర్చునేవాడు. ఈ వయసులో ఇదేం పని అంటే, చెల్లికి నేనొక జవాబు బాకీ అన్నాడు."

"ఏం జవాబు? రాగి ఉందన్నాడా, లేదన్నాడా?"

"నాకేం తెలుస్తుందమ్మా. అడిగితే, సభలో చెబుతా, దాని ముందే చెబుతా అన్నాడు. నీకు తెలుసుగా ఆయన సంగతి, ముందు రోజు దాకా స్లైడ్లు ముట్టడు. ఆ ల్యాబు వాళ్లని అడిగాను. బొమ్మలు వందలున్నాయట, ఒక్కదాని మీదా ఏమీ రాసి లేదట. ఏది దేనిదో ఆయనకే తెలియాలి."

ఆమె తెర వైపు చూసింది. గడియారం నడుస్తోంది. ఆకుపచ్చ దీపం వెలిగే ఉంది. వక్త లేకపోయినా దీపం దాని పని అది చేసుకుపోతుంది.

"ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు వదినా."

"అర్థమవుతోందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారమ్మా."

"పెట్టు."

దుప్పటి రాసుకున్న చప్పుడు. ఆ తర్వాత బరువైన ఊపిరి. అన్నయ్య ఊపిరి. తొమ్మిదేళ్ల మాటలు గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి తను రాసి పెట్టుకున్న పరిచయాన్నే అందుకుంది. ఖాళీ కుర్చీల ముందు నిలబడి చెప్పింది. ఇప్పుడు మాట్లాడబోయేవారు ఈ రంగంలో పెద్దలు. ఉక్కు ఎందుకు విరుగుతుందో నలభై ఏళ్లుగా చూస్తున్నవారు. నాతో సహా ఎంతోమందికి చూడటం నేర్పినవారు. 'నాతో సహా' అన్నది ఆమె రాసుకున్నది కాదు, దానంతటదే వచ్చింది. ఆ తర్వాత ఆయన సారాంశం మొత్తం ఆయనకే చదివి వినిపించింది. ఊపిరి కాస్త నెమ్మదించినట్టు అనిపించింది. 'ఫలితాలను సభలో వివరిస్తాం' దాకా వచ్చి ఆగింది.

"సభలోనే ఉన్నానన్నయ్యా. నీ టైమింకా అయిపోలేదు. చెప్పు. రాగి ఉందా?"

ఊపిరి ఆగింది. గొంతులో ఏదో గరగరలాడింది. ఎంతో దూరం నుంచి మోసుకొచ్చి దించినట్టు, ఒక మాట పడింది.

"ఉంది."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. నాలుగేళ్ల కష్టం, నవ్విన మూడు వందల మంది, రాగి చెంబు, అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయాయి. తను తప్పు చూడలేదు. అన్నయ్య అది నలుగురి ముందూ ఒప్పుకోవడానికే బయల్దేరాడు.

"వదినా, విన్నావా! మాట పోయిందన్నావు, స్పష్టంగా చెప్పాడు! రాగి ఉందన్నాడు!"

వదిన గొంతు తగ్గించి, మంచం దగ్గర్నుంచి కాస్త ఎడంగా వెళ్లి మాట్లాడుతున్నట్టుంది.

"అదొక్కటే వస్తోందమ్మా. పడిపోయిన మూడో రోజు నుంచీ ఆ ఒక్క మాటే. నీళ్లు కావాలా అంటే ఉంది. కిటికీ వెయ్యనా అంటే ఉంది. నేనెవరో చెప్పండి అని ఏడిచాను. అప్పుడూ ఉంది అనే అన్నాడు. ఒక్కోసారి అలా ఒక మాట మిగిలిపోతుందట. డాక్టరు చెప్పాడు."

హాలంతా చల్లగా అయిపోయినట్టు తోచింది. రాగి ఉందో లేదో అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఆ ఉక్కు తెచ్చి, వేడిచేసి, నికెల్ జల్లెడ మీద పెట్టి, రేపు ఎవరైనా తేల్చేయగలరు. తనే తేల్చగలదు. అన్నయ్య ఏం చూశాడో, ఏం చెప్పడానికి ఆర్నెల్లు వరసలో నిలబడ్డాడో, అది మాత్రం ఏ మిషనూ చెప్పదు. ఆ రెండు ఫోన్లలో మొదటిది ఎత్తినా ఇంతేనేమో, అప్పటికే మాట పోయి ఉంటుంది. కానీ ఆయన చేసిన ఫోన్లలో ఏదో ఒకటి ఎత్తి ఉంటే! తొమ్మిదేళ్లలో ఏ ఒక్కటైనా!

పసుపు దీపం వెలిగింది. తలుపు తెరుచుకుని ఇద్దరు ముగ్గురు లోపలికి వస్తున్నారు. తర్వాతి వక్త ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. గొడుగాయన ఏదో అనబోయి, గంటమ్మ ముఖం చూసి, మాట మింగి, చప్పుడు కాకుండా తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి చెవి దగ్గర పెట్టు వదినా" అంది ఆమె.

అడగాల్సింది ఒకటే మిగిలింది. నా మీద ఇంకా కోపం ఉందా అన్నయ్యా? నాలిక చివరిదాకా వచ్చింది. దానికి ఏ జవాబు వస్తుందో ఆమెకు తెలుసు. అది ఆయన జవాబు కాదని కూడా తెలుసు. తెలిసినా ఆ మాట చెవిన పడితే జన్మంతా మోయాలి. అడగలేకపోయింది.

కావలసిన జవాబే వచ్చేలా అడిగితే అది పరీక్ష కాదు, ప్రశ్నా కాదు. ప్రతి ఏడూ కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి రోజే ఆమె చెప్పే పాఠం అది. అయినా ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, హాల్లో వాళ్లకు వినబడుతుందని కూడా చూసుకోకుండా, అలాంటి ప్రశ్న కోసమే వెతుక్కుంది.

"అన్నయ్యా, నీకొక చెల్లెలు ఉందా?"

ఈసారి చాలా ఆలస్యమైంది. ఎర్ర దీపం వెలిగింది. ఆమె గంట మోగించలేదు.

"ఉంది" అన్నాడు అన్నయ్య.

ఆమె ఫోన్ పెట్టేసి, ముఖం తుడుచుకుని, తర్వాతి వక్తను పేరుపెట్టి పిలిచింది.